పళ్లు ఊడే పిల్లికూనకు నానబెట్టిన డ్రై ఫుడ్డా, ఉడికించిన చికెనా?

నాలుగో నెల దాటాక మా పిల్లికూన ఒక్కో డ్రై ఫుడ్ గింజ నోట్లో పెట్టుకుని, తల పక్కకు వంచి, మళ్లీ కింద పడేయడం మొదలుపెట్టింది. ఏమైందో అని టెన్షన్ పడితే చాప మీద బియ్యపు గింజంత పన్ను దొరికింది. 26 పాలపళ్లు ఊడి 30 గట్టి పళ్లు వచ్చే టైమ్ అది, ఆరేడు నెలలకల్లా అయిపోతుంది.

చికెన్ పెడితే గిన్నె నాకేస్తుంది, ఆ మాట నిజమే. ఎముక తీసేసి, ఉప్పూ కారం లేకుండా ఉడికించి, వేళ్లతో పీచులుగా చేసి పెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి అయితే పిల్లులకు విషమే, కాబట్టి మన కూరలోంచి ముక్క తీసి కడిగి పెట్టడం కుదరదు. అయితే వారాల తరబడి అదొక్కటే పెడితే కాల్షియం చాలదు, పిల్లులకు తప్పనిసరైన టారిన్ అనే పోషకం తగ్గితే కళ్లకూ గుండెకూ దెబ్బ.

కిట్టెన్ డ్రై ఫుడ్‌లో అవన్నీ కలిపే ఉంటాయి, గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానిస్తే చిగుళ్లకు నొప్పి ఉండదు. కానీ అనంతపురం ఏప్రిల్ ఎండల్లో నానిన మేత ఎంతసేపు నిలుస్తుంది? గంటలో తినకపోతే పారేస్తాను.

నా ఓటు రోజూ నానబెట్టిన దానికే, చికెన్ వారానికి రెండుసార్లు. పక్కింటి అత్త చెప్పిన పాలన్నం మాత్రం వద్దు, మాకు రెండు రోజులు విరేచనాలు కడగడమే సరిపోయింది. చిగుళ్ల నుంచి కాస్త రక్తం కనబడితే కంగారు లేదు గానీ, రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టర్‌కి చూపించండి.