షెన్‌మూ 3: పద్దెనిమిదేళ్లు ఎదురుచూశాం, కథ మాత్రం కదల్లేదు

ముందే చెప్పేస్తున్నా, నాకు షెన్‌మూ అనే ఈ వీడియో గేమ్ సిరీస్ అంటే పిచ్చి. కాబట్టి నా మాటల్లో అభిమానం ఎంతుందో అంత తీసేసి చదువుకోండి.

రెండో భాగం 2001లో ఒక గుహలో ఆగిపోయింది. తండ్రిని చంపిన లాన్ డిని వెతుక్కుంటూ జపాన్ నుంచి చైనా దాకా వచ్చిన హీరో ర్యో, షెన్‌హువా అనే అమ్మాయితో కలిసి ఆ గుహలో నిలబడి ఉంటాడు, అంతే, ఆట అయిపోయింది. తర్వాత పద్నాలుగేళ్లు ఉలుకూ లేదు పలుకూ లేదు. 2015లో ఈ3 అనే గేమ్‌ల ప్రదర్శన వేదిక మీదికి ఈ సిరీస్ సృష్టికర్త యూ సుజుకి వచ్చి, మూడో భాగం కోసం కిక్‌స్టార్టర్‌లో (జనం దగ్గర చందాలు పోగుచేసే సైట్) విరాళాలు మొదలుపెడుతున్నానన్నప్పుడు చూస్తున్నవాళ్లు ఏడ్చేశారు. అడిగింది 20 లక్షల డాలర్లు, అది ఒక్క రోజు తిరక్కముందే వచ్చేసింది, చివరికి 63 లక్షలు దాటింది. అదే జనం 2019లో తిట్లు లంకించుకున్నారు, ఎందుకంటే పీసీ వెర్షన్ స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ షాపులో వస్తుందనుకుని డబ్బు కట్టినవాళ్లకి మొదటి ఏడాది దాని పోటీదారు ఎపిక్ స్టోర్‌లోనే అని చెప్పారు. గొడవ ముదిరాక రీఫండ్ ఇస్తామన్నారు.

ఇక గేమ్. అది సరిగ్గా ఆ గుహలోనే మొదలవుతుంది. ఆ ఒక్క క్షణానికి నా డబ్బులు వచ్చేసినట్టే అనిపించింది! ఆ తర్వాత బైలు అనే పల్లె. పొద్దున్నే లేవడం, ఇంటింటికీ వెళ్లి రౌడీల గురించి అడగడం, కట్టెలు కొట్టి నాలుగు డబ్బులు సంపాదించడం, మూలికలు ఏరి అమ్మడం, చీకటి పడగానే ఇంటికొచ్చి షెన్‌హువాతో కబుర్లు. ఈ కబుర్లే నాకు గేమ్ మొత్తంలో బాగా నచ్చినవి, ఇద్దరూ చిన్నప్పటి సంగతులు ఎంత నిదానంగా చెప్పుకుంటారో.

"ఇది 2001 నాటి గేమే" అని కొందరు మెచ్చుకుంటూ అంటారు, కొందరు అదే మాట తిట్టుగా అంటారు. నిదానం నాకు ఇబ్బంది కాదు, మనం అడిగిందే అది. పరిగెత్తితే ఆరోగ్యం తగ్గిపోవడం మాత్రం చిరాకు. కొట్లాటకీ అదే ఆరోగ్యం గేజ్, కాబట్టి శత్రువు ఎదురయ్యే ముందు సంచిలో తిండి ఉందో లేదో చూసుకోవాలి, ప్రతీకారానికి బయల్దేరినవాడు వెల్లుల్లి నములుతూ తిరగాలి. ఫైటింగ్‌లో పాత త్రోలు (శత్రువుని పట్టి విసిరే ఎత్తులు) తీసేశారు, దెబ్బల్లో బరువు లేదు. ఒక కొట్లాట ఎత్తు నేర్పడానికి గురువుగారు ఖరీదైన మద్యం సీసా అడుగుతారు, దానికోసం రోజుల తరబడి కట్టెలు కొట్టాలి.

అయినా నా అసలు కోపం కథ మీద. రెండో సగంలో వచ్చే నియావు రేవుపట్నం చూడముచ్చటగా ఉంది, మొదటి భాగంలో ర్యో నడిపిన ఫోర్క్‌లిఫ్ట్ (సరుకులెత్తే బండి) అక్కడ మళ్లీ కనిపిస్తే నవ్వాగలేదు, ఇంటికి ఫోన్ చేస్తే పాత గొంతులు వినిపిస్తాయి. కానీ ఇక్కడ కూడా పల్లెలో చేసిందే మళ్లీ చేయిస్తారు: రౌడీలని వెతకడం, ఓడిపోవడం, గురువుని పట్టుకోవడం. అంతసేపు ఆడాక లాన్ డితో తేలాల్సిన లెక్క ఒక్క అడుగు ముందుకు పడినట్టు లేదు. నాలుగో భాగం ఖాయమన్న ధీమాతో రాసిన కథలా ఉంది.

మొదటి రెండూ ఆడకుండా దీన్ని కొనొద్దు. అవి కలిపి 2018లో పీఎస్4కీ, ఎక్స్‌బాక్స్ వన్‌కీ, పీసీకీ వచ్చాయి. మొదటి దాంట్లో "నావికులు ఎక్కడుంటారు" అని ఊరంతా అడుగుతూ తిరగడం విసుగనిపిస్తే, మూడోదాని జోలికి అసలు రాకండి.