రాత్రి డ్యూటీకి ఏది మేలు? కాఫీ, టీ, బ్రాహ్మి, వక్కపొడి

బెంగళూరు మారతహళ్ళిలో మా పిన్ని కొడుకు రూముకి వెళ్తే, మంచం పక్కన స్టూలు మీద సగం ఖాళీ అయిన బ్రాహ్మి మాత్రల సీసా, దాని చుట్టూ చించిన వక్కపొడి ప్యాకెట్లు కనిపించాయి. "రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా డ్యూటీ అన్నా. కాఫీ, టీ చాలక ఇవి కూడా మొదలుపెట్టాను. అసలు ఏది మంచిది?" అని అడిగాడు. నేను ఫార్మసీ చదివినవాణ్ణి. ఏదో ఒక మాట చెప్పి లేచి రాబుద్ధి కాలేదు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు కాఫీ. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. నరాల కణాల మీద దానికోసమే ఉన్న రిసెప్టర్లకు అది అతుక్కుంటే సంకేతాల జోరు తగ్గి నిద్ర ముంచుకొస్తుంది. కాఫీలోని కెఫీన్ రూపం అడెనోసిన్‌కి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ రిసెప్టర్లలో ముందే దూరి కూర్చుంటుంది, కానీ మగత తెప్పించదు. బస్సులో కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టన్నమాట. అడెనోసిన్ ఎక్కడికీ పోదు, పక్కనే నిలబడి ఉంటుంది. కెఫీన్ దిగాక వచ్చి కూర్చుంటుంది. అంటే కాఫీ ఓపిక ఇవ్వదు, అలసటను తెలియనివ్వదు, అంతే.

తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సగటున 5 గంటలు పడుతుంది. మావాడు తెల్లవారుజామున 4కి చివరి కాఫీ తాగి, ఎనిమిదిన్నరకి పడుకుని, నిద్ర పట్టడం లేదని బాధపడుతున్నాడు. ఎలా పడుతుంది? 9 గంటలకి కూడా అందులో సగం ఒంట్లోనే ఉంది కదా. గర్భిణుల్లో ఇది ఇంకా నెమ్మదిగా పోతుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి 400 మిల్లీగ్రాముల దాకా పర్వాలేదనే ఐరోపా నిపుణులు గర్భిణులకి 200 దాటవద్దన్నారు.

ఈ లెక్కలో బెంగళూరు దర్శినిల (నిలబడి తినే చిన్న హోటళ్ల) బై టూ కాఫీ నాకు చాలా నచ్చుతుంది. ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోసి ఇస్తారు, కెఫీన్ కూడా సగమే పడుతుంది. ఒకేసారి పెద్ద గ్లాసుడు తాగి చేతులు వణికించుకునే బదులు, రెండు మూడు గంటలకోసారి కొంచెం తాగడం రాత్రి డ్యూటీకి బాగా సరిపోతుంది. పొడి మర పట్టించేటప్పుడు చికోరీ ఎంత కలపాలని అడుగుతారు కదా, చికోరీలో కెఫీన్ ఉండదు. అది ఎక్కువైతే డికాక్షన్ నల్లగా, చిక్కగా దిగుతుంది గానీ ఆ రంగు చూసి స్ట్రాంగ్ అనుకోకూడదు.

టీలోనూ ఉండేది కెఫీనే. మామూలుగా కప్పుకి కాఫీలో ఉన్నదాంట్లో సగం ఉంటుంది. దానికి తోడు థియనిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. 1949లో జపాన్‌లో టీ ఆకుల్లో దీన్ని కనుక్కున్నారు. మెదడులో సంకేతాలను ఉరకలెత్తించే గ్లూటమేట్‌ని ఇది పోలి ఉంటుంది. కెఫీన్‌తో కలిపి ఇచ్చినప్పుడు ధ్యాస కాస్త నిలిచిందని కొన్ని పరీక్షల్లో తేలింది. అయితే వాటిలో ఎక్కువగా 100, 200 మిల్లీగ్రాముల లెక్కన ఇచ్చారు, మన కప్పు టీలో అంత రాదు. టీ తాగితే గుండె దడ తక్కువంటే, అది ముఖ్యంగా కెఫీన్ తక్కువ కావడం వల్లేనని నా అభిప్రాయం. అన్నం తిన్న వెంటనే మాత్రం వద్దు, తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది.

బ్రాహ్మి దారి వేరు. మార్కెట్‌లో బ్రాహ్మి అని అడిగితే చాలాసార్లు ఒందెలగ ఇస్తారు. అది మన సరస్వతి ఆకు. మజ్జిగతో తంబుళి చేసుకుంటే కమ్మగా ఉంటుంది. మాత్రల్లో వాడేది సాధారణంగా బకోపా, తడినేల మీద పాకే వేరే మొక్క. అందులోని బకోసైడ్లను రోజూ 12 వారాలు వాడిన పరీక్షల్లో, నేర్చుకున్నది గుర్తుండటం కొంత మెరుగైంది. కొందరికి కడుపు తిప్పడం, విరేచనాలు కూడా వచ్చాయి. ఈ రాత్రి నిద్ర ఆపడానికి మాత్రం అది పనికిరాదు.

అందుకే వాడికి చెప్పాను: డ్యూటీ మొదట్లో ఒక బై టూ, ఒంటిగంటకి ఇంకొకటి, ఆ తర్వాత మరీ కావాలంటే 2 లోపు పలచటి టీ. అక్కడితో ఆపెయ్.

ఇక వక్కపొడి. ఇది కాఫీలా తలుపు మూయదు, తెరుస్తుంది. వక్కలోని అరెకోలిన్ అనే పదార్థం మెదడులోనూ ఒంట్లోనూ ఎసిటైల్‌కోలిన్ (నరాల సంకేతాలు మోసే పదార్థం) పనిచేసే రిసెప్టర్లనే తట్టి లేపుతుంది. నోరు ఊరడం, చెమట పట్టడం, ఒళ్లు వెచ్చబడటం, చురుకుదనం అన్నీ అక్కణ్ణుంచే. అన్నిట్లోకీ త్వరగా తెలిసేది అదే, అన్నిట్లోకీ చెడ్డదీ అదే. పొగాకు కలపకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004 నివేదికలోనే చెప్పింది. బుగ్గల లోపలి పొర బిగుసుకుపోయి నోరు తెరుచుకోకపోవడం క్యాన్సర్‌కి ముందే రావచ్చు.

"పొగాకు లేనిదేగా అన్నా" అన్నాడు. నోరు తెరిచి మూడు వేళ్లు నిలువుగా పెట్టి చూసుకోమన్నాను. పట్టాయి, కానీ కొంచెం బిగుతుగా ఉందన్నాడు. సోమవారం పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను.