పిక్కలు పట్టేయకుండా లాంగ్ రైడ్: ఓఆర్‌ఎస్ నుంచి క్యాసెట్ దాకా నేను వాడి చూసినవి

రెండు వందల కిలోమీటర్ల సైకిల్ రైడ్లు చేసేవాళ్లలో పిక్క పట్టేయడం అంటే ఏమిటో తెలియనివాళ్లు తక్కువ. నాకు నూట నలభై కిలోమీటర్లు దాటాక మొదలయ్యేది. ఎక్కువగా ఎడమ పిక్క, ఒక్కోసారి తొడ లోపలి కండరం. దీనికి మందని ఎవరేం చెప్పినా కొని, కొన్నేళ్లుగా వాడుతూ వస్తున్నాను. ముందే చెప్పేస్తాను: బాటిల్లో కలుపుకునేవాటిలో చివరికి నిలబడింది మెడికల్ షాపులో దొరికే మామూలు ఓఆర్‌ఎస్ ప్యాకెట్టే. కానీ పట్టేయడాన్ని బాగా తగ్గించింది మాత్రం తాగేవి కావు, వెనక చక్రానికి మార్పించిన క్యాసెట్, అంటే గేర్ల పళ్ల చక్రాల గుత్తి.

నేనుండేది హైదరాబాద్‌లో. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో మొదలైన సోలార్ సైకిల్ ట్రాక్ మీద ప్రాక్టీసు చేస్తాను. 23 కిలోమీటర్ల ట్రాక్, పైన నీడ, కింద దాదాపు చదును. అక్కడ ఏం తాగినా బాగానే పనిచేసినట్టు ఉంటుంది, కాబట్టి ఆ అనుభవంతో దేనికీ మార్కులు వేయకూడదు. అసలు పరీక్ష శ్రీశైలం రోడ్డు. డిండి దాకా కాళ్లు పెద్దగా ఫిర్యాదు చేయవు. మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమలలో పడ్డాక ఎత్తుపల్లాలు మొదలవుతాయి. దోమలపెంట తర్వాత ఆనకట్ట దాకా మలుపులు మలుపులుగా ఒకటే దిగుడు. అంతసేపూ పెడల్ తిప్పే పని ఉండదు, పిక్కలు చల్లబడి బిగుసుకుంటాయి. కృష్ణ మీద వంతెన దాటగానే సున్నిపెంట వైపు ఎక్కుడు. పొద్దుట్నుంచీ తొక్కిన కాళ్లతో, మధ్యాహ్నం ఎండలో. నేను వాడినవన్నీ అక్కడే తేలిపోయాయి.

ముందు ఓఆర్‌ఎస్ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం ప్యాకెట్ 20.5 గ్రాములు, లీటరు నీళ్లకు ఒకటి. అందులో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, మిగతాది సిట్రేటు. మొత్తం కలిపి లీటరుకు సుమారు 1.7 గ్రాముల సోడియం వస్తుంది. మన చెమటలో లీటరుకు దాదాపు గ్రాము సోడియం పోతుంది. మనిషిని బట్టి సగమే పోవచ్చు, ఇంకా ఎక్కువా పోవచ్చు. నల్ల జెర్సీ ఆరాక వీపు మీద తెల్లటి చారలు కనిపిస్తే మీరు ఉప్పు ఎక్కువ పోగొట్టుకునే రకం. నేను ఆ రకమే. అందుకే ఒక బాటిల్ ఓఆర్‌ఎస్, ఒక బాటిల్ మంచినీళ్లు పెట్టుకుని మార్చి మార్చి తాగుతాను. బీపీ, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడక్కుండా ఇలా ఉప్పు తాగకూడదు.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. టెట్రా ప్యాకుల్లో తియ్యగా ఉండే డ్రింకులు చాలాకాలం ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని అమ్ముడయ్యాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. ఆ ఫార్ములాకు సరిపోని డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అనే మాట వాడొద్దని చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది.

ఇక కష్టాలు. ప్యాకెట్ లీటరుకు, మన బాటిల్ ఏమో ఆరు వందలో ఏడు వందల యాభయ్యో మిల్లీలీటర్లు. టీకొట్టు ముందు ఆగి, గ్లవ్ పంటితో లాగి, ప్యాకెట్ మూల చింపి పోస్తుంటే సగం పొడి తడిసిన బాటిల్ అంచుకే అంటుకుంటుంది. గాలి ఉంటే ఇంకొంత షార్ట్స్ మీద. మిగిలిన పొడితో ప్యాకెట్‌ను జేబులో పెడితే చెమటకు గంటలో ముద్దయిపోతుంది. అందుకని ఇంట్లోనే బాటిల్ కొలతకు సరిపడా పొడిని చిన్న జిప్ కవర్లలో కట్టుకుని వెళ్తున్నాను. రుచి విషయంలో ఏమీ ఆశించొద్దు. మే నెలలో బాటిల్ వేడెక్కాక ఆరెంజ్ చాక్లెట్‌ను ఉప్పునీళ్లలో కరిగించినట్టు ఉంటుంది. ఇంటికి రాగానే బాటిల్ మూతి కడగకపోతే మర్నాటికి వాసన.

ఇంకో మాట, ఓఆర్‌ఎస్ తిండి కాదు. లీటరులో ఉన్న గ్లూకోజుతో వచ్చేది యాభై చిల్లర క్యాలరీలే. మనం గంటకు ఖర్చు పెట్టేది కొన్ని వందలు. ఇడ్లీ, పల్లీపట్టీ, అరటిపండు, ఏదో ఒకటి గంట గంటకూ కడుపులో పడాల్సిందే. అరటిపండు పిక్కలకు మందని మాత్రం నేను నమ్మను. ఒక పండులో 400 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, నిజమే. కానీ చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. కొబ్బరిబోండాంది కూడా ఇదే కథ. ఆ లెక్కన దారిలో దొరికే ఉప్పు మజ్జిగే నయం. అడిగి ఇంకో చిటికెడు వేయించుకుంటాను.

నీళ్లలో వేస్తే బుస్సుమనే ఎలక్ట్రోలైట్ బిళ్లలు రుచిగా ఉంటాయి, గొట్టం జేబులో పడుతుంది. వానాకాలంలో ఒకసారి మూత తీశాక మెత్తబడిపోతాయి. పైగా చాలావాటిలో బిళ్లకు సోడియం ఓఆర్‌ఎస్ కంటే బాగా తక్కువ. సరదా రైడ్లకు పర్వాలేదు. మెగ్నీషియం మాత్రలు చాలాకాలం వేసుకున్నాను, తేడా తెలియలేదు, మానేశాను. పిక్కలకు తొడిగే బిగుతు తొడుగులు ఎండ తగలకుండా కాపాడతాయి, అంతే.

ఇంత చేసినా సున్నిపెంట ఎక్కుడులో పిక్క పట్టేస్తూనే ఉండేది. అక్కడే నాకు అనుమానం వచ్చింది: అంతా ఉప్పే అయితే రెండు కాళ్లూ పట్టాలి కదా, చేతులూ పట్టాలి కదా, బాగా పనిచేసిన పిక్క మాత్రమే ఎందుకు? దక్షిణాఫ్రికా పరిశోధకుడు మార్టిన్ ష్వెల్‌నస్ బృందం 1997లో ఇదే వాదన తెచ్చింది. కండరం అలిసిపోతే దాన్ని బిగించే నరాల సంకేతాలు పెరిగి, వదులు చేసేవి తగ్గుతాయని, ముడుచుకున్న స్థితిలో పనిచేసే కండరానికి ఈ ముప్పు ఎక్కువని. సైకిల్ మీద కాలివేళ్లు కిందికి వంచి తొక్కితే పిక్క అచ్చం అదే స్థితిలో ఉంటుంది.

నా బండికి ముందు 50, 34 పళ్ల చక్రాలు, వెనక 11 నుంచి 28 పళ్ల దాకా ఉన్న క్యాసెట్ ఉండేవి. ఎక్కుడులో గంటకు ఎనిమిది కిలోమీటర్లు పోతుంటే చిన్న గేరులో కూడా కాలు నిమిషానికి యాభై చిల్లర సార్లే తిరిగేది. ఒక్కో తొక్కుడూ లెగ్ ప్రెస్ కొట్టినంత పని. 11-34 క్యాసెట్ వేయించాక అదే వేగంలో అరవై దాటింది. కాళ్ల మీద బరువు తగ్గింది, ఊపిరికి పని పెరిగింది. నాకు అది లాభమే, ఊపిరి ఎప్పుడూ పట్టేయలేదు. పొడుగు చైన్ వేయాల్సి వచ్చింది. గేర్ల మధ్య చైన్‌ను మార్చే పాత డీరేలర్ 34 పళ్లను తీసుకోదంటే అదీ మార్చాను. ఖర్చు కొన్ని వేలు. అయినా ఇంతకాలం నేను కొన్న పొడులు, బిళ్లలు, మాత్రలు అన్నీ కలిపినా ఇంత ఫలితం ఇవ్వలేదు.

దానితోపాటు సీటు కొంచెం దించాను. మడమను పెడల్ మీద పెట్టి కిందికి తిప్పినప్పుడు కాలు నిటారుగా రావాలి, నడుము పక్కకు ఒరగకూడదు. నాది ఒరిగేది, అందుకే వేళ్లతో అందుకుంటూ తొక్కేవాణ్ని. షూను పెడల్‌కు బిగించే క్లీట్‌ను కూడా వెనక్కి జరిపాను. ఈ రెండింటికీ పైసా ఖర్చు లేదు, ఎడమ పిక్కకు బాగా పనిచేశాయి. దిగుడులో కూడా ఇప్పుడు కాళ్లు ఊరికే ఉంచను, తేలిగ్గా తిప్పుతూనే దిగుతాను.

అయినా పడితే? జెర్సీ జేబులో చిన్న సీసాతో గెర్కిన్ దోసకాయల ఊరగాయ నీళ్లు పెట్టుకుంటాను. సూపర్‌మార్కెట్‌లో దొరికే వెనిగర్ సీసావి, మన ఆవకాయ నూనె దీనికి పనికిరాదు. 2010లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగంలో కరెంటు షాక్‌తో కాలి బొటనవేలి కండరాన్ని పట్టించి, కిలో బరువుకు ఒక మిల్లీలీటరు చొప్పున ఈ నీళ్లు తాగించారు. మామూలు నీళ్లు తాగినప్పటి కంటే సగటున 49 సెకన్లు ముందే వదిలింది. అంత త్వరగా ఉప్పు రక్తంలోకి చేరదు, గొంతులోని నరాల వల్లే అయ్యుంటుందని వాళ్ల అంచనా. నాకూ నిమిషంన్నరలో వదులుతుంది, కానీ రెండోసారి పడితే అంతగా పనిచేయదు. పైగా ఖాళీ కడుపుతో తాగితే కాసేపు పుల్లటి త్రేన్పులు. ముందుగానే తాగి పెట్టుకుంటే పడకుండా ఆపుతుందేమోనని చూశాను, ఆపలేదు. సీసా అందేలోపు చేయాల్సింది వేరే ఉంది. షూను పెడల్ నుంచి విడిపించి, కాలు చాపి, పాదాన్ని ఒంటివైపు గట్టిగా వంచి పట్టుకోవాలి. దేనికన్నా ముందు పనిచేసేది ఇదే.

ఇప్పటికీ తీరనిది రైడ్ అయిన రాత్రి నిద్రలో పట్టేయడం. గేరు, సీటు ఏవీ దాన్ని ఆపలేదు. లేచి గోడకు చేతులు ఆనించి, మడమ నేలకు నొక్కి నిలబడితే వదులుతుంది. పడుకునే ముందు అలా సాగదీస్తే కొంత తక్కువ. దీనికి క్వినైన్ మాత్ర వేసుకోమని చెప్పేవాళ్లు ఉన్నారు. ప్లేట్‌లెట్లు ప్రమాదకరంగా పడిపోవచ్చని, కాలి నొప్పులకు వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లో హెచ్చరించిన మందు అది. ఎవరిచ్చినా వేసుకోకండి. రైడ్ లేని రోజుల్లో కూడా తరచూ పడుతుంటే, లేదా ఒకే పిక్క వాచి వేడిగా ఉంటే, అది సైకిల్ వల్ల కాకపోవచ్చు, డాక్టరుకు చూపించండి.