ఎస్3 బకెట్టా, అజ్యూర్ కంటైనరా, గూగుల్ బకెట్టా: ఏది మేలు?

ఈ మధ్య ఇదే ప్రశ్న నలుగురైదుగురు అడిగారు. బ్యాకప్‌లూ ఫోటోలూ పెట్టుకోవడానికి అమెజాన్ వాళ్ళ ఎస్3లో బకెట్ చెయ్యాలా, మైక్రోసాఫ్ట్ వాళ్ళ అజ్యూర్‌లో కంటైనరా (బకెట్ లాంటిదే, పేరే వేరు), గూగుల్‌లో బకెట్టా అని. విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చింది, పైగా పోయిన నెలే మా చిన్న టీమ్ కోసం నేనూ ఈ మూడిట్లో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది, అందుకని ఒకేసారి రాసేస్తున్నా. బకెట్ అంటే క్లౌడ్‌లో ఫైళ్ళు పెట్టుకునే డబ్బా, ఆబ్జెక్ట్ అంటే అందులో పెట్టిన ఫైల్, అంతకంటే లోతుగా మొదలుపెట్టను.

ధరల పట్టిక కోసం వచ్చినవాళ్ళకి ముందే చెప్తున్నా, ఇక్కడ అది లేదు. అందరూ జీబీకి ఎంత అని లెక్కేస్తారు. నేను చూసేది వేరే: అదే పేరుతో రెండోసారి అప్‌లోడ్ చేస్తే పాత ఫైల్ సంగతేంటి?

ఇదేం పట్టింపు అనుకోకండి, నాకు తగిలిన దెబ్బ అది. రోజూ రాత్రి రెండింటికి నడిచే స్క్రిప్ట్ ఒకటి నేనే రాశాను, డేటాబేస్ డంప్ (మొత్తం డేటా కాపీ) తీసి ఒక ఫైల్లోకి మళ్ళించి, ఎప్పుడూ ఒకే పేరుతో క్లౌడ్‌లోకి పంపేస్తుంది. ఒకరోజు డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చారు, స్క్రిప్ట్‌లో మార్చడం మర్చిపోయాం. డంప్ కమాండ్ లాగిన్ దగ్గరే ఆగిపోయింది కానీ షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) మాత్రం ఆ ఫైల్‌ని ముందే తెరిచి పెట్టింది కదా, ఖాళీగా, సున్నా బైట్లతో. స్క్రిప్ట్ దాన్నే భద్రంగా పైకి తీసుకెళ్ళి నిన్నటి మంచి బ్యాకప్ మీద పెట్టేసి "అప్‌లోడ్ సక్సెస్" అని లాగ్‌లో రాసి పడుకుంది. నాలుగు రోజుల తర్వాత ఒక టేబుల్ పొరపాటున ఎగిరిపోతే బ్యాకప్ తెద్దామని లిస్ట్ తెరిచా, పేరు ఉంది, తేదీ ఉంది, సైజు గడిలో సున్నా. తప్పు పూర్తిగా నాదే, పేరులో తేదీ పెట్టుంటే అయిపోయేది. కానీ ఆ రోజు నుంచి ఏ స్టోరేజ్ చూసినా ముందు ఈ ప్రశ్నే అడుగుతున్నా.

మొదట కంటైనర్ చెయ్యడం గురించి రెండు ముక్కలు, ఎందుకంటే ఇందులో పెద్ద తేడా ఏమీ లేదు, మూడిట్లోనూ ఒక్క కమాండ్ పని. తేడా అంతా పేర్ల దగ్గర. ఎస్3లోనూ గూగుల్‌లోనూ మామూలుగా బకెట్ పేరు మొత్తం సర్వీస్‌లో ఇంకెవరూ వాడనిదై ఉండాలి, "బ్యాకప్" లాంటి పేర్లు ఎప్పుడో ఎవరో పట్టుకుపోయారు, కాబట్టి ప్రాజెక్ట్ పేరు, ఎన్విరాన్‌మెంట్ పేరు (టెస్టా, ప్రొడక్షనా), చివర ఏవో అంకెలు అతికించుకుంటూ పోవాలి. అజ్యూర్‌లో ఆ గొడవ ఒక మెట్టు పైన ఉంటుంది: స్టోరేజ్ అకౌంట్ పేరు మాత్రమే ప్రపంచంలో ఒకటే ఉండాలి, అదీ 3 నుంచి 24 అక్షరాల్లో, చిన్న ఇంగ్లీష్ అక్షరాలూ అంకెలూ తప్ప హైఫన్ కూడా ఒప్పుకోదు. అది దాటితే లోపల కంటైనర్లకి "బ్యాకప్", "ఫోటోలు" లాంటి పేర్లు చిన్న ఇంగ్లీష్ అక్షరాల్లో మీకు నచ్చినట్టు పెట్టుకోవచ్చు. ఎస్3లో ఇంకో తమాషా, క్రియేట్ బకెట్ ఏపీఐని నేరుగా పిలిస్తే రీజియన్ (డేటా ఉండాల్సిన ప్రాంతం) విడిగా రాయాలి, కానీ వర్జీనియా రీజియన్‌కి మాత్రం రాయకూడదు, రాస్తే ఎర్రర్. మొదటిసారి పడినవాడు అరగంట బుర్ర గోక్కుంటాడు.

అజ్యూర్‌లో మొదటిరోజు అందరూ పడే గుంట వేరే ఉంది. సబ్‌స్క్రిప్షన్‌కి మీరు ఓనరే, కంటైనర్ కూడా మీరే చేశారు, లాగిన్ మోడ్‌లో (కీ లేకుండా మీ సొంత లాగిన్‌తో) ఫైల్ పంపితే 403, అంటే అనుమతి లేదు, అని ముఖం మీదే తలుపేస్తుంది. ఓనర్ అంటే అకౌంట్‌ని నడిపే హక్కు, లోపలున్న డేటాని ముట్టుకునే హక్కు కాదు, దానికి స్టోరేజ్ బ్లాబ్ డేటా కంట్రిబ్యూటర్ (బ్లాబ్ అంటే అజ్యూర్ భాషలో ఫైల్) అనే రోల్ విడిగా ఇచ్చుకోవాలి, ఇచ్చాక అది పనిచెయ్యడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. ఈ లోపు కంగారుపడి అకౌంట్ కీ తీసి స్క్రిప్ట్‌లో అతికించేవాళ్ళే ఎక్కువ. దయచేసి అది చెయ్యకండి, ఆ కీ ఉంటే అకౌంట్ మొత్తం చేతిలో ఉన్నట్టే.

ఇక అసలు విషయం, ఓవర్‌రైట్.

ఎస్3లో మామూలు కాపీ కమాండ్‌తో అదే పేరు మీద పంపితే ఏమీ అడగదు, పాతది పోతుంది, కొత్తది కూర్చుంటుంది. పాత కాపీలని కూడా దాచే వెర్షనింగ్ ఉంది, చాలా బాగా పనిచేస్తుంది కూడా, కాకపోతే కొత్త బకెట్‌లో అది ఆఫ్‌లోనే ఉంటుంది, మీరు గుర్తుపెట్టుకుని ఆన్ చెయ్యాలి. ఆన్ చేశాక పాత వెర్షన్లన్నీ అలాగే పోగుపడి బిల్లు పెరుగుతుంది కాబట్టి వాటిని కొన్ని రోజుల తర్వాత తీసేసే లైఫ్‌సైకిల్ రూల్ కూడా రాయాలి. 2024లో ఒక మంచి పని చేశారు, ఇఫ్ నన్ మ్యాచ్ హెడర్ పెట్టి పంపితే ఆ పేరుతో ఇప్పటికే ఫైల్ ఉంటే 412 ఎర్రర్‌తో వెనక్కి కొడుతుంది, అంతకుముందు ఈ సౌకర్యమే లేదు. కానీ ఇది కూడా మీరు అడిగితేనే.

గూగుల్‌లోనూ కాపీ కమాండ్ మారుమాట లేకుండా పాతదాని మీద రాసేస్తుంది, వద్దనుకుంటే నో క్లాబర్ అని జోడించాలి. కానీ 2024 నుంచి కొత్త బకెట్లకి సాఫ్ట్ డిలీట్ దానంతటదే ఆన్ అయి వస్తుంది, 7 రోజులు. చెరిపినవే కాదు, ఓవర్‌రైట్ అయినవి కూడా ఆ వారం రోజులు దాచి ఉంచుతుంది. నా సున్నా బైట్ల కథని ఇక్కడ పెట్టి చూడండి, నాలుగో రోజు నేను వెళ్ళి మంచి కాపీని వెనక్కి లాక్కునేవాణ్ణి. ఎనిమిదో రోజు వెళ్తే మాత్రం అంతే సంగతులు.

అజ్యూర్‌లో సీఎల్‌ఐతో (అజ్యూర్ కమాండ్ లైన్ టూల్‌తో) బ్లాబ్ అప్‌లోడ్ చేస్తే, అదే పేరుతో ఒకటి ఉందనుకోండి, ఆ బ్లాబ్ ఇప్పటికే ఉంది అని ఆగిపోతుంది. ఓవర్‌రైట్ అనే మాట మీరు చేత్తో టైప్ చేస్తేనే కదులుతుంది. పైథాన్ లైబ్రరీలో కూడా అంతే, అప్‌లోడ్ బ్లాబ్‌లో ఓవర్‌రైట్ మామూలుగా ఫాల్స్, ఎర్రర్ విసురుతుంది. చాలామందికి ఇది చిరాకు, "ఇంత చిన్న పనికి ఎర్రర్ ఏంటి" అంటారు, నాకు మాత్రం ఇదే నచ్చింది. నా స్క్రిప్ట్ అక్కడ రెండో రాత్రే ఎర్రర్‌తో చచ్చేది, నేను అప్పుడే పేరులో తేదీ పెట్టేవాణ్ణి, కథ అక్కడితో ఆగేది. అలాగని గుడ్డిగా నమ్మకండి, పెద్ద ఫైళ్ళకి వాడే ఏజెడ్‌కాపీ టూల్ ఇందుకు పూర్తిగా ఉల్టా, అది అడక్కుండానే ఓవర్‌రైట్ చేస్తుంది, ఫాల్స్ అని మీరే చెప్పాలి. ఒకే కంపెనీ, ఒకే కంటైనర్, రెండు టూల్స్‌కి రెండు పద్ధతులు, ఎవరికి పుట్టిన బుద్ధో మరి.

పెద్ద ఫైళ్ళు సగంలో తెగిపోతే ఏంటనేది రెండో ప్రశ్న. ఎస్3లో ఒక్క పుట్‌లో (ఒకే అప్‌లోడ్ రిక్వెస్ట్‌లో) 5 జీబీ దాటి పంపలేరు, ఆ పైన ముక్కలుగానే పంపాలి, కమాండ్ టూల్ అయితే 8 ఎంబీ నుంచే తనే ముక్కలు చేసుకుంటుంది. మధ్యలో మెషీన్ ఆగిపోతే అప్పటిదాకా ఎక్కిన ముక్కలు అక్కడే ఉండిపోతాయి, మామూలు లిస్ట్‌లో కనపడవు, బిల్లు మాత్రం పడుతూనే ఉంటుంది, వాటిని తీసెయ్యడానికి కూడా లైఫ్‌సైకిల్ రూలే. బకెట్ చేసిన రోజే ఈ రూల్ పెట్టేసుకోండి. అజ్యూర్‌లో ముక్కలన్నీ పంపాక చివర్లో బ్లాక్ లిస్ట్ (ఆ ముక్కల జాబితా) కమిట్ చేస్తేనే అది ఫైల్ అవుతుంది, కమిట్ చెయ్యని ముక్కలు వారానికి వాటంతటవే పోతాయి, ఏజెడ్‌కాపీలో తెగిన జాబ్‌ని రిజ్యూమ్ కూడా చేసుకోవచ్చు. గూగుల్ రిజ్యూమబుల్ అప్‌లోడ్ ఇంకా హాయి, నీ దగ్గరికి ఎన్ని బైట్లు చేరాయి అని సర్వర్‌నే అడిగి అక్కణ్ణుంచి పంపొచ్చు, ఆ సెషన్ వారం బతుకుతుంది. నెట్ మాటిమాటికీ తెగే చోట ఉన్నవాళ్ళు గూగుల్ వైపు మొగ్గినా నేను కాదనను.

క్లౌడ్‌ఫ్లేర్ ఆర్2 అనే ఇలాంటి స్టోరేజ్ గురించి కూడా అడిగారు. బయటికి డౌన్‌లోడ్లు బాగా ఎక్కువైతే చూడండి, ఈగ్రెస్ (డేటా బయటికి పంపినందుకు) ఛార్జీ ఉండదు, ఎస్3 టూల్సే నడుస్తాయి. బ్యాక్‌బ్లేజ్ బీ2 కూడా దాదాపు ఆ దారే. మినియో అనే ఎస్3 తరహా సాఫ్ట్‌వేర్ సొంత సర్వర్ మీద పెట్టుకునేవాళ్ళకి, ఆ డిస్కుల బెంగ కూడా మీదే.

మరి నేను ఏది తీసుకున్నా? అజ్యూర్. ఎస్3కి ఉన్నన్ని టూల్స్, ఉదాహరణలు ఇంకదేనికీ లేవు, 2006 నుంచి ఉంది మరి, ప్రతి లైబ్రరీకీ దాని భాష వచ్చు, ఒక్కణ్ణే పనిచేసేదైతే నేనూ దానికే ఓటేస్తాను. కానీ మా దాంట్లో అప్‌లోడ్ చేసేది నేనొక్కణ్ణే కాదు, కొత్తగా చేరినవాళ్ళు కూడా స్క్రిప్ట్‌లు రాస్తారు, లైఫ్‌సైకిల్ రూల్ పెట్టారా లేదా అని ప్రతివాళ్ళ వెనకా తిరగలేను. ఇప్పటికే మీ మిగతా సర్వర్లన్నీ ఒక క్లౌడ్‌లో ఉంటే మాత్రం ఇదంతా వదిలేసి అక్కడే చేసుకోండి, ఒక బకెట్ కోసం ఇంకో బిల్లూ ఇంకో పర్మిషన్ల గొడవా నెత్తికెత్తుకోకండి.

ఎక్కడ చేసుకున్నా కంటైనర్ చేసిన వెంటనే ఒక పని చెయ్యండి. "ఒకటి" అని రాసిన టెక్స్ట్ ఫైల్ పంపండి, అదే పేరుతో "రెండు" అని రాసింది మళ్ళీ పంపండి, మీ టీమ్ నిజంగా వాడబోయే టూల్‌తోనే. తర్వాత ఆ "ఒకటి"ని వెనక్కి తెచ్చుకోగలరేమో చూడండి. నేను చేసినప్పుడు సీఎల్‌ఐ ఆపింది, ఏజెడ్‌కాపీ ఆపలేదు, అందుకే మా స్క్రిప్ట్‌ల్లో ఏజెడ్‌కాపీ ఉన్న ప్రతి లైన్‌లోనూ ఇప్పుడు ఓవర్‌రైట్ ఫాల్స్ ఉంది.