పచ్చళ్ల వ్యాపారానికి వాట్సాప్ బిజినెస్: నాలుగేళ్లు వాడిన తరువాత

బెంగళూరు మారతహళ్లిలో మేము అద్దెకుంటున్న ఇంటి వంటగదిలోనే 2021 జూన్‌లో పచ్చళ్లు, పొడుల అమ్మకం మొదలుపెట్టినప్పుడు, ప్రచారానికని నేను పక్కన పెట్టగలిగింది నెలకు మూడు వేల రూపాయలు. వాట్సాప్ బిజినెస్ యాప్‌ను అప్పుడు ఎంచుకున్నది దాని గుణగణాలు తెలిసి కాదు, దానికి పైసా ఖర్చు లేదు కనుక. నాలుగేళ్లకు పైగా రోజూ వాడిన తరువాత రాస్తున్న ఈ సమీక్షలో యాప్ గురించి ఎంత ఉందో, పచ్చడి సీసా మీద అంటించే చీటీ గురించి కూడా అంతే ఉంటుంది.

ఈ యాప్ మన దేశంలోకి 2018లో వచ్చింది. సరుకులను ఫొటోతో, ధరతో వరుసగా చూపించే క్యాటలాగ్ సదుపాయాన్ని ఆ మరుసటి ఏడాది చేర్చారు. మామూలు వాట్సాప్‌లో లేని వ్యాపార వివరాల పేజీ ఇందులో ఉంటుంది కనుక, ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల రిజిస్ట్రేషన్ నంబరును నేను మొదటి రోజునే అందులో పెట్టాను. ఇంట్లో చేసిన పచ్చడిని ముక్కూమొహం తెలియనివారి దగ్గర కొనడానికి సందేహించే వారు ఆ నంబరు చూసి కొంత స్థిమితపడటం నేను గమనించాను.

అసలు సంగతి ఒకే కబురును ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితా దగ్గర ఉంది. ఒక జాబితాలో 256 మంది వరకు చేర్చుకోవచ్చు, పంపిన కబురు ఎవరికి వారికి విడిగా చేరుతుంది. అయితే మన నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికి మాత్రమే అది చేరుతుందన్న నియమాన్ని నేను పట్టించుకోలేదు. 2022 ఏప్రిల్‌లో కొత్త ఆవకాయ సిద్ధమైందని 180 మందికి పంపి, ముక్కలు కొట్టించిన కాయలకు సరిపడా ఆర్డర్లు వస్తాయని ఎదురుచూస్తే, సగానికి పైగా సందేశాలు ఒకే టిక్కు దగ్గర ఆగిపోయాయి. వారంతా ఒకసారి నా దగ్గర కొన్నవారే, రుచి నచ్చిందని చెప్పినవారే; కానీ నా నంబరు వారి ఫోనులో లేదు.

తొందరపాటుతో ఆ తరువాత చేసిన పని ఇంకా పెద్ద పొరపాటు. వారందరినీ అడగకుండా ఒక గ్రూపులో చేర్చాను. రెండు రోజుల్లో నలభై మంది బయటికి వెళ్లిపోయారు, పక్క అపార్ట్‌మెంటులోని ఒక పెద్దావిడ ఫోను చేసి, "నీ గోంగూర బాగుంటుందమ్మాయ్, కానీ నా నంబరు ఇంతమందికి కనిపించేలా పెట్టడమేమిటి?" అని నిలదీశారు. ఆవిడ అడిగినది న్యాయమే. ఆ గ్రూపును అదే రోజు తీసివేశాను.

దారి చూపింది చీటీయే. "ఈ నంబరు సేవ్ చేసుకుంటే కొత్త పచ్చడి కబురు ముందుగా మీకే" అని తెలుగులోనూ కన్నడలోనూ అచ్చువేయించి ప్రతి మూతకూ అంటించాను, సీసా చేతికిచ్చేటప్పుడు ఇష్టమైతే సేవ్ చేసుకోమని నోటితో కూడా అడిగాను. వెయ్యి చీటీలకు రూ. 1,800 అయ్యింది. మరుసటి వేసవికి ఒక జాబితా పూర్తిగా నిండి రెండోది మొదలైంది. ఆ ఏడాది ఆవకాయలో మూడొంతులు ఆ జాబితాలవారే కొన్నారు.

క్యాటలాగ్‌లో పేర్ల విషయమూ అనుభవంతోనే తెలిసింది. "కందిపొడి" అని రాస్తే మనవారికి తప్ప ఇక్కడివారికి అర్థం కాలేదు. పక్కనే "తొగరిబేళె చట్నీ పుడి" అని చేర్చాక కన్నడిగుల ఆర్డర్లు మొదలయ్యాయి. గోంగూరకు "పుండి పల్య" అన్న పేరు చూసి హుబ్బళ్లి వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం నెలనెలా తీసుకుంటోంది. స్టేటస్‌లో ధరల పట్టిక పెట్టిన రోజుకంటే, గుడ్డ మీద ఆరబెట్టిన మామిడి ముక్కల ఫొటో పెట్టిన రోజునే ఎక్కువమంది జవాబిచ్చారు. స్టేటస్ 24 గంటలే ఉంటుంది కనుక నేను దానిని సాయంత్రం ఆరింటికి, ఆఫీసుల నుంచి జనం బస్సుల్లో ఇరుక్కుని ఉండే వేళకు పెడతాను.

డబ్బు పెట్టిన దారులూ చూశాను. పేపర్‌తో పంచిన రెండు వేల కరపత్రాలకు తొమ్మిది ఫోన్లు వచ్చాయి. అనుమతి లేకుండా గోడల మీద అంటించడం కర్ణాటకలో 1981 నాటి చట్టం ప్రకారం నేరం, నగరంలో ఫ్లెక్సీలను 2018లో నిషేధించారు కనుక ఆ ఆలోచనే చేయలేదు. సోషల్ మీడియా ప్రచారం చేస్తానన్న ఒక ఏజెంటుకు నాలుగు వేలు ఇచ్చి చేతిచమురు వదిలించుకున్నాను. అతను తెచ్చిన ఫాలోవర్లలో బెంగళూరువారు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమందే. గూగుల్‌లో, మ్యాపులో వెతికేవారికి మన వ్యాపారాన్ని చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ మాత్రం ఉచితంగానే పని చేసింది.

యాప్‌లో లోపాలు లేకపోలేదు. సరుకు ఎంత మిగిలిందో అది చెప్పదు, ఖాతా లెక్కలు రాయదు. "కొత్త ఆర్డరు", "డబ్బు రావాలి" అన్న లేబుళ్లు కొంతవరకు ఆదుకుంటాయి కానీ, పండుగ వారంలో యాభై సంభాషణలు ఒకేసారి నడుస్తున్నప్పుడు నాకు ఇప్పటికీ నోట్‌బుక్కే దిక్కు. నా సొంత నంబరుతోనే మొదలుపెట్టడం మరో తప్పు. రాత్రి పదకొండుకు కూడా "కారప్పొడి ఉందా" అని అడిగేవారు. అందుబాటులో లేనప్పటి సందేశాన్ని తొమ్మిది తరువాత వెళ్లేలా పెట్టుకున్నాక ఇంట్లో కాస్త శాంతి దొరికింది, కొత్త సిమ్‌కు మారడానికి మాత్రం అన్ని సీసాల మీదా పాత నంబరే ఉండటం అడ్డుపడుతోంది.