ట్యూమర్ తీశాక మళ్ళీ మెదడులో నీరు చేరితే: షంటా, ఈటీవీయా, ఏది మేలు?

ఆపరేషన్ బాగా జరిగింది అన్నారు, హమ్మయ్య అనుకున్నాం, 9వ రోజుకి అన్నయ్యకి పొద్దున్నే తలనొప్పి, వాంతులు, పిలిస్తే పలకడం కానీ మళ్ళీ కళ్ళు మూసుకోవడం, సీటీ తీస్తే వెంట్రికల్స్ (మెదడులో నీరుండే గదులు) ఉబ్బి ఉన్నాయి. చిన్నమెదడు దగ్గర ట్యూమర్లలో ఇది కొత్తేమీ కాదట, మాకే కొత్త. షంట్ (నీటిని పొట్టలోకి మళ్ళించే ట్యూబ్) వేయాలా, ఈటీవీ (ఎండోస్కోప్‌తో మెదడు లోపలే నీటికి కొత్త దారి తెరవడం) చేయాలా అని డాక్టర్లు మాట్లాడుకుంటుంటే వదిన "డాక్టర్ గారూ, రెండిట్లో ఏది మంచిదో అది చేసేయండి" అంది. ఆయన వెంటనే ఏమీ చెప్పలేదు. అప్పుడు కోపం వచ్చింది కానీ అసలు ఆ ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు లేదని తర్వాత తెలిసింది.

ముందు నీరు ఎక్కడ ఆగిందో తెలియాలి. మెదడు లోపల రోజుకి దాదాపు 500 మిల్లీలీటర్ల నీరు తయారవుతుంది, ఒక సమయంలో ఉండేది మాత్రం 150 చిల్లర, అంటే పాతది పోతూ కొత్తది వస్తూ ఉండాలి. పైన గదుల్లోంచి సన్నటి కాలువ దాటి కింద నాలుగో గదికి వచ్చి, అక్కడ్నించి మెదడు బయటికి వచ్చి, చివరికి రక్తంలో కలుస్తుంది. ట్యూమర్ తీసేస్తే దారి తెరుచుకుంటుంది కదా అనుకుంటాం, చాలామందికి అలాగే అవుతుంది కూడా. కానీ కొందరికి వాపు వల్లో గడ్డకట్టిన రక్తం వల్లో మిగిలిన ట్యూమర్ ముక్క వల్లో దారి మూసుకునే ఉంటుంది, ఇంకొందరికి దారి బానే ఉంటుంది కానీ రక్తమూ ప్రోటీనూ పేరుకుని నీటిని పీల్చుకునే చోటే పని చేయదు. రెండూ ఒకేసారి ఉండొచ్చు, అదే పెద్ద చిక్కు.

అందుకే నిజానికి మొదట వచ్చేది షంటూ కాదు ఈటీవీ కాదు, ఈవీడీ. తలలోంచి సన్నటి ట్యూబ్ బయటికి తీసి బ్యాగ్‌కి కలుపుతారు. ఆ బ్యాగ్‌ని చెవి రంధ్రం లెవెల్ చూసి ఇంత ఎత్తులో అని సెట్ చేస్తారు, కాబట్టి మంచం పైకి లేపాలన్నా మనిషిని కూర్చోబెట్టాలన్నా ముందు నర్సుని పిలిచి డ్రెయిన్ మూయించాలి, లేకపోతే నీరు ఒక్కసారిగా ఎక్కువ పోతుంది (మేము ఒకసారి మర్చిపోయి దిండు సర్దబోయి తిట్లు తిన్నాం). దీని లాభం ఏంటంటే టైమ్ దొరుకుతుంది, రక్తం క్లియర్ అవుతుంది, నీటిని టెస్టుకి పంపొచ్చు, తర్వాత క్లాంప్ చేసి, అంటే ట్యూబ్ మూసి, తట్టుకుంటాడా లేదా చూడొచ్చు. తట్టుకుంటే ట్యూబ్ తీసేసి ఇంటికే. నష్టం కూడా పెద్దదే, రోజులు పెరిగే కొద్దీ ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది, ఎల్లకాలం ఉంచలేరు. నీరు తగ్గించే మాత్రలు లేవా అని అడిగాం, అవి శాశ్వతంగా ఆదుకునేవి కావన్నారు.

అన్నయ్య రెండుసార్లు క్లాంప్ చేస్తే రెండుసార్లూ ఫెయిల్. ఇక అసలు పోటీ.

షంట్ గొప్పతనం ఒక్కటే, అడ్డం ఎక్కడున్నా దానికి పని లేదు. వెంట్రికల్‌లోంచి ట్యూబ్, చెవి వెనకాల వాల్వ్, అక్కడ్నించి చర్మం కింద నుంచే మెడ, ఛాతీ మీదుగా పొట్టలోకి, పొట్ట లోపలి పొర ఆ నీటిని పీల్చేసుకుంటుంది. ఈ వాల్వ్ కథ కూడా ఒక తండ్రిదే, 1956లో జాన్ హోల్టర్ అనే టెక్నీషియన్ నీరు చేరిన తన కొడుకు కోసం సిలికోన్ వాల్వ్ చేశాడు, తర్వాత లక్షల మందికి అదే దారి చూపించింది. కానీ ఎంతైనా అది ఒంట్లో పెట్టిన వస్తువు. బ్లాక్ అవుతుంది, పిల్లల్లో అయితే వేసిన షంట్లలో 30 నుంచి 40 శాతం మొదటి ఏడాదిలోనే మొరాయిస్తాయి. ఇన్ఫెక్షన్ వస్తే తీసేసి, మళ్ళీ ఈవీడీ పెట్టి, యాంటీబయాటిక్స్ ఇచ్చి, కొత్తది వేయాలి. ఇక్కడొక మంచి మాట ఉంది, బ్రిటన్, ఐర్లండ్‌లలో 1600 మందికి పైగా పేషెంట్ల మీద చేసిన ట్రయల్ 2019లో వచ్చింది, అందులో మామూలు ట్యూబ్‌తో ఇన్ఫెక్షన్ 6 శాతం దాకా ఉంటే యాంటీబయాటిక్ పట్టించిన ట్యూబ్‌తో 2 శాతం, కాబట్టి ఏ ట్యూబ్ వేస్తున్నారో అడగడంలో మొహమాటం వద్దు. నీరు మరీ ఎక్కువ పోయినా తంటాయే, లేచి నిలబడితే తలనొప్పి, ఒక్కోసారి మెదడు చుట్టూ రక్తం చేరడం. అది సరిచేయడానికే బయట నుంచి మ్యాగ్నెట్‌తో ప్రెషర్ మార్చే ప్రోగ్రామబుల్ వాల్వ్‌లు వచ్చాయి, కానీ ట్యూమర్ పేషెంట్‌కి కొన్ని నెలలకోసారి ఎమ్మారై తప్పదు కదా, కొన్ని మోడల్స్‌లో ఎమ్మారై వల్లే సెట్టింగ్ మారిపోతుంది, ప్రతిసారీ చెక్ చేయించాలి, పైగా వాల్వ్ ఉన్న వైపు స్కాన్‌లో నీడ పడుతుంది. ఇది షంట్ వేయించే ముందే మాట్లాడుకోవాల్సిన విషయం, మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఈటీవీలో ట్యూబ్ ఉండదు. పుర్రెకి చిన్న రంధ్రం పెట్టి ఎండోస్కోప్‌తో మూడో వెంట్రికల్ దాకా వెళ్ళి దాని అడుగున రంధ్రం చేస్తారు, నీరు మూసుకున్న దారిని వదిలేసి అక్కడ్నించే బయటికి పోతుంది. ఆలోచన 1923 నాటిది, మంచి ఎండోస్కోపులు వచ్చాకే మళ్ళీ ఊపందుకుంది. రంధ్రం చేసే చోటికి సరిగ్గా కిందే బేసిలర్ ఆర్టరీ (మెదడుకి రక్తం తీసుకెళ్ళే ముఖ్యమైన రక్తనాళం) ఉంటుంది, అందుకని చెయ్యి తిరిగిన సర్జన్ కావాలి, అరుదుగా రక్తంలో సోడియం తేడాలు వస్తాయి. దీనికొక స్కోర్ ఉంది, వయసు, కారణం, ఇంతకుముందు షంట్ ఉందా అనే మూడింటి మీద లెక్క, పదేళ్ళు దాటిన వాళ్ళలో మెదడు వెనక భాగం ట్యూమర్ అయి పాత షంట్ లేకపోతే 80 వస్తుంది, అంటే ఆరు నెలలు పని చేసే అవకాశం దాదాపు 80 శాతం. నెలల పిల్లల్లో బాగా తగ్గుతుంది. కానీ ఆ స్కోర్‌లో ఇప్పుడే ఆపరేషన్ అయిన తలలో ఎంత రక్తం ఉంది అన్నది లెక్కలో లేదు, అదీ అసలు మెలిక, పీల్చుకునే చోటే పాడైతే ఎంత అందంగా రంధ్రం చేసినా లాభం లేదు. ఇంకోటి, ఈటీవీ తర్వాత స్కాన్‌లో వెంట్రికల్స్ పెద్దగానే కనిపించొచ్చు, కంగారు పడక్కర్లేదు, మనిషి ఎలా ఉన్నాడో చూడాలి. కానీ రంధ్రం ఏళ్ళ తర్వాత కూడా మూసుకుపోవచ్చు, అరుదే, కానీ అలా జరిగితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి "ట్యూబ్ లేదు కదా, ఇక మర్చిపోవచ్చు" అనుకునే వాళ్ళని చూస్తే నాకు భయం.

నన్నడిగితే, ఎమ్మారైలో అడ్డం స్పష్టంగా కనిపిస్తూ నీరు శుభ్రంగా ఉంటే ముందు ఈటీవీయే, ఫెయిలైతే షంట్ ఎలాగూ ఉంది. నీటిలో రక్తం ఉండి పీల్చుకునే చోటు పాడవడం, మెనింజైటిస్ (మెదడు పొరల ఇన్ఫెక్షన్) వచ్చి తగ్గి ఉండటం, ట్యూమర్ మెదడు పొరల మీదికి పాకడం, లేదా నెలల పిల్ల అయితే నేరుగా షంట్, అందులో ఓడిపోయినట్టేమీ లేదు.

అన్నయ్యకి ఈటీవీ చేశారు, 18 రోజులు బావున్నాడు, తర్వాత మళ్ళీ మగత, షంట్ వేశారు. ముందే షంట్ వేసుంటే ఒక ఆపరేషన్ తప్పేది కదా అని చుట్టాలు అన్నారు. పని చేసుంటే జీవితాంతం ట్యూబే ఉండేది కాదు కదా అని వదిన అంది, నేను వదిన వైపే. ఇప్పుడు వాల్వ్ పేరు, సెట్టింగ్ నంబర్ రాసిన కార్డు అన్నయ్య పర్సులో ఒకటి, వదిన ఫోన్ కవర్‌లో ఒకటి. మొన్న ఎమ్మారై అయ్యాక చెక్ చేయిస్తే నంబర్ మారిపోయి ఉంది, ఐదు నిమిషాల్లో సరి చేసి పంపించారు.