గిటార్ నేర్చుకోవడానికి యాప్, ఆన్‌లైన్ కోర్సు, మాస్టారు: మూడూ వాడి చూశాక

నెల్లూరులో ఉద్యోగం చేసుకుంటూ, నలభై దాటాక గిటార్ పట్టినవాణ్ణి. నాకు కావాల్సింది ఇంట్లోవాళ్లు పాడుతుంటే పక్కన కూర్చుని కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒకేసారి మోగేలా తీగల మీద వేసే పట్టులు) వాయించడం, అంతే. సోలోలు అక్కర్లేదు. ఇది ముందే తేల్చుకోవడం వల్ల స్కేళ్ల (స్వరాల వరసల) జోలికి చాలాకాలం పోలేదు, ఆ బెంగా లేదు.

మొదట వాడింది యాప్. ఫోన్ మైకులో విని మార్కులేస్తుంది. చెయ్యి తీగలకు అలవాటు పడేదాకా సరదాగానే సాగింది. కానీ దానికి చెవులే గానీ కళ్లు లేవు. అరచెయ్యి గిటార్ మెడకు అతుక్కుపోయినా, భుజం బిగుసుకుపోయినా నోటు పడితే చాలు, ఫుల్ మార్కులు. పాటలన్నీ ఇంగ్లీషువే. చందా తనంతట తానే రెన్యూ అయిపోయి డబ్బులు కట్ అవడం ఇంకో తలనొప్పి.

తర్వాత జస్టిన్ గిటార్. జస్టిన్ శాండర్కో అనే ఆస్ట్రేలియా ఆయన 2003లో మొదలుపెట్టిన సైటు. బిగినర్ పాఠాలు ఉచితం, వరస చక్కగా ఉంటుంది. అందులో నాకు బాగా పనికొచ్చింది నిమిషం లెక్క. టైమర్ పెట్టుకుని డి కార్డ్ నుంచి ఏ కార్డ్‌కి, మళ్లీ డికి మారుతూ ఎన్నిసార్లయిందో రాసుకోవాలి. 60 దాకా తీసుకుపొమ్మంటాడు. 'రోజూ ప్రాక్టీస్ చేస్తా' అని ఒట్లు పెట్టుకునేకంటే ఇది వెయ్యి రెట్లు నయం. నిన్నటి అంకె నోట్‌బుక్‌లో కనబడుతుంటే చెయ్యి ఊరుకోదు.

ఇబ్బందల్లా, మొదట్లో పాఠాలు ఎక్కువగా 4/4లో, అంటే నాలుగేసి లెక్కల తాళంలో నడుస్తాయి. మన సినిమా పాటల్లో, చర్చి పాటల్లో 6/8 నడకలు, అంటే ఆరేసి లెక్కలవి, బోలెడు. 'డౌన్ డౌన్ అప్ అప్ డౌన్ అప్' అనే స్ట్రమ్మింగ్ (తీగల మీద చెయ్యి కిందికీ పైకీ ఆడించడం) వాటి మీద కూర్చోదు.

అందుకే మాస్టారి దగ్గర చేరాను. ఆదివారాలు చర్చిలో వాయిస్తారు, మిగతా సాయంత్రాలు పాఠాలు. మొదటి క్లాసులోనే గిటార్ పక్కన పెట్టించి, "తీగలు తర్వాత సామీ, ముందు తొడ మీద తాళం వెయ్యి" అన్నారు. ఆరు లెక్కపెడుతూ ఒకటి మీద, నాలుగు మీద గట్టిగా. అది ఒంటబట్టాక స్ట్రమ్మింగ్ దానంతట అదే వచ్చింది.

ఒక్క చూపుడువేలితోనే తీగలన్నీ నొక్కాల్సిన ఎఫ్ కార్డ్ కూడా ఆయన చలవే. చూపుడువేలిని చదునుగా కాకుండా కాస్త పక్కకు దొర్లించి, ఎముక ఉన్న వైపుతో నొక్కమన్నారు. బొటనవేలు మెడ వెనక మధ్యకు, మోచెయ్యి ఒంటికి దగ్గరగా. అప్పటిదాకా టప్‌మంటున్న రెండో తీగ మోగింది. వీడియోలోనూ ఇదే చెబుతారు, కాకపోతే నా మోచెయ్యి ఎక్కడుందో చూసే మనిషి వీడియోలో ఉండడు. ఆయన దగ్గర లోటు వరస లేకపోవడం, ఏ పాట గుర్తొస్తే అదే ఆనాటి పాఠం. డిసెంబరులో అయితే దొరకనే దొరకరు.

ఇప్పుడు పాఠాల వరస జస్టిన్‌ది, దిద్దుబాటు మాస్టారిది. నెలకో పాట, దానికి మెట్రోనోమ్ (టిక్ టిక్‌మంటూ లయ చెప్పేది) మీద ఒక వేగం అనుకుంటాను. నెలాఖరున ఫోన్‌లో రికార్డ్ చేసి ఇంట్లో వినిపిస్తాను. తాళం తప్పితే మా అమ్మాయి మొహం చూస్తేనే తెలిసిపోతుంది.

పిల్లల కోసం చూసేవాళ్లకు, సర్టిఫికెట్ కావాలంటే సంగీత పరీక్షలు పెట్టే ట్రినిటీ కాలేజ్ లండన్ గ్రేడ్లు ఇనిషియల్ నుంచి 8 దాకా ఉన్నాయి, వాటికి సిలబస్ తెలిసిన టీచరే కావాలి. పెద్దవాళ్లయితే యాప్ చందా డబ్బుతో సన్న తీగల సెట్లు కొనుక్కోండి. మన ఉక్కపోతకు, చేతి చెమటకు తీగలు ఊరికే తుప్పు పడతాయి, వాయించాక పొడిగుడ్డతో తుడవండి.